పోలయ్య అరికాలు, నా నైలాన్ పోగు

2018లో నేను విడవలూరు మండలంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సును. ఏ రోజు సంగతి ఆ రోజే డైరీలో రాసుకోవడం శిక్షణ రోజుల నుంచి నా అలవాటు. ఆ ఏటి డైరీలో ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకున్న పేజీ పోలయ్యది.

పోలయ్య చేపలు పట్టేవాడు. ఆ ఉదయం భార్య రమణమ్మ బీపీ మాత్రలకు వస్తే తోడుగా వచ్చాడు. అతను నడిచిన చోటల్లా గచ్చు మీద నెత్తుటి మరకలు! కూర్చోబెట్టి చూస్తే అరికాల్లో ఆల్చిప్ప ముక్క దిగి ఉంది.

"నొప్పి లేదా అన్నా?"

"లేదు సిస్టరమ్మా. ఎప్పుడు గుచ్చుకునిందో కూడా తెలీదు."

షుగర్ ముదిరితే కాళ్ళలో స్పర్శ పోతుంది. అతనికి షుగర్ ఉంది కనుక మాత్రల మాట అడిగితే రమణమ్మ అందుకుంది. "మానేసి మూడు నెల్లయింది. ఉసిరిక పొడీ పసుపూ కలుపుకోని తాగతా ఉండాడు. రక్తనాళాలు కడిగినట్టు అవతాయంట! తిన్న గిన్నె కడగడు గానీ, నాళాలు కడగతాడంట."

ముక్క తీసి కట్టు కట్టాక మోనోఫిలమెంట్ తీశాను. స్పర్శ ఎంత ఉందో చూసే నైలాన్ పోగు అది. అరికాలికి ఆనించి, వంగేదాకా నొక్కితే రోగికి తెలియాలి.

పోలయ్య నవ్వాడు. "ఇది మా గాలం తాడే గదమ్మా! తాడు వేలి మీద అదిరితే చాలు, కొరికింది ఏ చేపో చెప్తా."

"అయితే కళ్ళు మూసుకో. తగిలినప్పుడల్లా చెప్పు."

రెండు అరికాళ్ళలోనూ పది చోట్ల నొక్కాను.

"ఇంక మొదలుపెట్టమ్మా" అన్నాడు.

"అయిపోయింది అన్నా."

పోగు నా చేతిలోంచి తీసుకుని తానే నొక్కి చూసుకున్నాడు. పోగు తిరిగిచ్చేస్తూ అడిగాడు. "కాలు తీసేస్తారా?"

"పుండు మానితే తీయరు. మానాలంటే చక్కెర దిగాలి."

"ఉసిరిక పారేయాల్నా మరి?"

ఉసిరిలో, పసుపులో యాంటీఆక్సిడెంట్లు ఉంటాయి. చక్కెర ఎక్కువై రక్తనాళాల లోపలి పొర చెడకుండా అవి కొంత కాపు కాయవచ్చంటారు. ఆ నమ్మకాన్ని వెక్కిరించబుద్ధి కాలేదు.

"పడవకి రంగేస్తే మంచిదే అన్నా. అట్టని చిల్లి పూడ్చకుండా రంగేసుకుంటా కూర్చుంటావా? చిల్లి పూడ్చేది మాత్ర."

డాక్టరుగారు మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు. పొడి ఆపించి, కూరలో పసుపు, రోజుకో ఉసిరికాయ చాలన్నారు. వేట మానిపించాం. రోజూ కట్టు మార్చి, పుండు కొలతనూ చక్కెర అంకెనూ డైరీలో అదే పేజీలో పక్కపక్కన రాశాను. ఏడు వారాలకు పుండు పూడింది. స్పర్శ తిరిగి రాలేదు, కాలు మిగిలింది. ఆ పేజీ చూసి డాక్టరుగారు ప్రతి షుగర్ రోగికీ అలాగే రాయమన్నారు. సర్వీసులో నాకు దక్కిన పెద్ద మెప్పు అదే.

రిటైరయ్యాక ఒకసారి ఆ ఒడ్డుకు వెళ్ళాను. పడవ పక్కన పోలయ్య, కాళ్ళకు చెప్పులతో, గాలం తాడు ముక్క పట్టుకుని ఉన్నాడు. ఎదురుగా మరో షుగర్ మనిషి కాలు చాపుకుని కూర్చున్నాడు.

"కళ్ళు మూసుకో బావా. దొంగచూపులు చూడబాక."

అది కొలత ప్రకారం చేసిన పరీక్ష కాదు. అయినా ఏమీ తెలియలేదన్న మనిషిని పోలయ్య అప్పటికప్పుడు లేపి ఆరోగ్య కేంద్రానికి నడిపించుకు వెళ్ళాడు. రోగికి తెలిసిన పనితోనే చెబితే, ఆ మాట మన చేయి దాటి ఎంత దూరమైనా వెళుతుందని నాకు నేర్పింది అతనే.