కార్డు మీద మిరియాల చారు

ఆ రోజుల్లో నాకు మొహమాటం తక్కువ. ఉన్నదల్లా ఇంగ్లీషు మీద అనవసరమైన ధైర్యం, ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే ఊరుకోలేని మా ఇంటి అలవాటు. మా వైపు రోగిని చూడ్డానికి వెళ్తే గంటకు తక్కువ కూర్చోవడం మర్యాద కాదు. జబ్బు ఎలా మొదలైందో అడగాలి, మన చుట్టాల్లో అదే జబ్బు ఎవరికొచ్చిందో చెప్పాలి, ఏం తినాలో ఏం తినకూడదో తేల్చాలి (డాక్టరు ఏం చెప్పాడన్నది అప్రస్తుతం). ఈ విద్యతోనే అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్లో కార్లకు సాఫ్ట్‌వేర్ రాసే ఒక ఆఫీసులో చేరాను.

మా టీమ్‌లో అందరికంటే వయసు మళ్లిన అమెరికన్ పెద్దాయన ఒకడుండేవాడు. ఆయన పక్కన లేనప్పుడు మా తెలుగువాళ్లం 'తాత' అనుకునేవాళ్లం. తాతకు బేస్‌బాల్ పిచ్చి. ఆ ప్రాంతపు జట్టును ఒకప్పుడు నడిపిన మేనేజరంటే (బేస్‌బాల్‌లో మేనేజరంటే జట్టుకు పెద్దదిక్కు, ఎవరు ఆడాలన్నా ఆయన మాటే) ప్రాణం. రిటైరై ఎన్నో ఏళ్లయిన ఆ మేనేజరుకు గుండె ఆపరేషన్ అయిందనీ, ఆసుపత్రిలో కోలుకోలేక అవస్థ పడుతున్నాడనీ వార్త వచ్చింది. తాత పేపరంత కార్డు ఒకటి కొనుక్కొచ్చి బ్రేక్‌రూమ్ బల్ల మీద పెట్టాడు. అందరూ సంతకాలు చేస్తే శుక్రవారం నాలుగింటికి పోస్ట్ చేస్తానన్నాడు.

నా వంతు ఆ శుక్రవారం మధ్యాహ్నమే వచ్చింది. కార్డు చూడగానే మనసు చివుక్కుమంది. నలభై మంది రాశారు. "గెట్ వెల్ సూన్", కింద పేరు. అంతే! పెద్దమనిషి మంచాన పడితే ఇలాగేనా పలకరించడం? అదృష్టం కొద్దీ కింద జానెడు చోటు ఖాళీగా ఉంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నిద్ర పడుతోందా, కాళ్ల వాపు తగ్గిందా అని అడిగాను. మా పెదనాన్నకు ఇదే ఆపరేషన్ అయితే ఇప్పుడు పెళ్లిళ్లలో మారు పులిహోర అడుగుతున్నాడని (పులిహోర అంటే ఏమిటో కూడా వివరించి) ధైర్యం చెప్పాను. రాత్రిపూట పెరుగు వద్దన్నాను. మిరియాల చారు ఎలా కాచాలో కొలతలతో సహా రాశాను. చోటు చాలక చివరి రెండు లైన్లు అంచు వెంబడి పైకి ఎక్కించాను.

అప్పుడే కాఫీకి వచ్చిన మా రూమ్మేటు, వరంగల్ వాడు, కార్డు చూసి కప్పు బల్ల మీద పెట్టేశాడు.

"అరే, ఏం చేసినవ్‌రా! ఆ జాగా తాతది. లాస్ట్‌కి తనే రాస్తా అని వారంసంది ఖాళీగ ఉంచుకున్నడు."

"మరి ముందే చెప్పొద్దూ!"

"నువ్వు ఇంత రాస్తవని ఎవనికి తెలుసు? అందరు రెండు ముక్కలే రాస్తరు గదా!"

నా పైప్రాణాలు పైనే పోయాయి. టైము మూడున్నర. కొత్త కార్డు కొందామన్నా, సంతకాలు పెట్టినవాళ్లలో సగం మంది అప్పటికే ఇళ్లకు బయల్దేరిపోయారు. కార్డు పట్టుకుని తాత డెస్క్ దగ్గరికి వెళ్లి, "సర్, ఐ యామ్ సో సారీ" అని నిలబడ్డాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. కాళ్ల వాపు దగ్గర కనుబొమలు పైకి లేచాయి. చారు దగ్గర ఆగి, "మిరియాలు అంతెందుకు?" అన్నాడు. "జలుబు కూడా పోతుంది సర్," అన్నాను (నోరు ఊరుకోదు కదా). అంచు మీది లైన్ల కోసం కార్డు అడ్డంగా తిప్పి, అవీ చదివి పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"వారం రోజులుగా రాద్దామని కూర్చుంటున్నాను. ఒక్క ముక్క రాలేదు. నువ్వేమో ఒక్క గేమ్ కూడా చూడకుండా ఇంత రాశావు," అన్నాడు. అప్పుడు చెప్పాడు. చాలా ఏళ్ల కిందట, భార్య చనిపోయిన వేసవిలో, ఇంట్లో మాట్లాడే మనిషి లేక రోజూ రేడియోలో ఆట వినేవాడట. ఆ ఏడాది జట్టు వరసగా ఓడిపోయేదట. ఆట అయ్యాక మేనేజరు మైకు ముందుకొచ్చి, "సరే, రేపు మళ్లీ ఆడదాం" అనేవాడట. "ఆ మాట కోసమే నేను మర్నాడు లేచేవాణ్ణి," అన్నాడు తాత. ఆయన దాచుకున్న చోటులోనా నేను పెరుగు గురించి రాసింది!

"సర్, వెనకవైపంతా ఖాళీయే. ఇప్పుడు నాకు చెప్పారే, అదే రాయండి," అని బతిమాలాను. ఆయన పెన్ను తీసుకున్నాడు. తర్వాత కార్డు తిరగేసి, బార్‌కోడ్ పక్కన నాలుగు లైన్లు రాశాడు. పోస్టాఫీసుకు నేనే డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి ఇచ్చొచ్చాను.

నెల తర్వాత మేనేజరుగారి కూతురు ఉత్తరం రాసింది. తాత దాన్ని బ్రేక్‌రూమ్‌లో అందరికీ చదివి వినిపించాడు. "నాన్న ఇంటికొచ్చారు. మిరియాల సూప్ చేసిపెడితే నోరు మండిందని నన్ను తిట్టారు. తిట్టే ఓపిక వచ్చిందని మేమంతా సంతోషించాం." అందరూ నావైపు తిరిగి చప్పట్లు కొట్టారు. తాత మాత్రం ఆ తర్వాతి లైను దగ్గర ఆగిపోయి, ఉత్తరం నా చేతికిచ్చేశాడు. మిగతాది నేను చదివాను. "కార్డు వెనక రాసినాయనకు నాన్న ఒక మాట చెప్పమన్నారు. ఓడిపోయాక మైకు ముందుకు వెళ్లాలంటే నాన్నకు ప్రాణం మీదికొచ్చేదట. అలా వెళ్లడం వృథా కాలేదని ఇన్నాళ్లకు తెలిసిందట."

ఇప్పుడు నాకు బాగా బుద్ధి వచ్చింది. ఎవరికైనా కార్డు తిరుగుతుంటే "గెట్ వెల్ సూన్" అని గీకి, పేరు పెట్టి, పక్కవాళ్లకు అందిస్తాను. అర నిమిషం పట్టదు. ఆ రోజు కుర్చీ లాక్కుని కూర్చున్న వెర్రివాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడి మీద కొంచెం అసూయ కూడా కలుగుతుంది.