మావయ్య పీకిన ప్లగ్గులు

మా మావయ్య నడుస్తున్న కంప్యూటర్ల ప్లగ్గులు పీకేవాడు. ఆయన గురించి ముందు తెలుసుకోవలసింది ఇదే, తర్వాత తెలుసుకోవలసిందీ ఇదే. ఒక మనిషి గురించి రాసేటప్పుడు వినయంతోనో నిరాడంబరతతోనో మొదలుపెట్టడం రివాజు. మావయ్యకి ఆ రెండూ ఉన్నాయో లేదో నేను గమనించలేదు. ఆయన నా వెనక్కి వచ్చి నిలబడ్డప్పుడల్లా నా దృష్టంతా ఆయన చేతి మీదే ఉండేది.

ఆయన నాకు వరసకి ఏమీ కాడు. దర్జీ కొట్టు పైన రెండు గదుల్లో ఉండే మా ఆఫీసులో అందరికీ మావయ్యే, ఓనరుకీ మావయ్యే. చిన్న బడ్జెట్ సినిమాలకి మేం కంపోజిటింగ్ చేసేవాళ్ళం. అంటే ఆకుపచ్చ గోడ ముందు చేతులాడించిన అమ్మాయిని తీసుకెళ్ళి కొండ అంచున నిలబెట్టడం, ఆవిణ్ణి గాల్లోకి లేపిన తాళ్ళు చెరిపేయడం, ఎనిమిది మంది సైనికుల్ని ఎనిమిది వందల మందిని చేయడం. విడివిడిగా తీసిన బొమ్మల్ని అతుకు కనపడకుండా అతకడమన్నమాట. "కింద దర్జీ చేసేదీ ఇదే. ఆయన అతుకులు ఉతికితే బయటపడతాయి, మనవి తెర మీద పడితే బయటపడతాయి," అనేవాడు మావయ్య.

తెలుగు ఎమ్మే చదివి, ఉద్యోగం దొరక్క, సబ్‌టైటిళ్ళు రాయడానికి నేనక్కడ చేరాను. మొదటి రోజు రెండు పేజీలు టైపు చేశాక తెర నల్లబడింది. వెనక్కి తిరిగితే ఓ పొట్టి మనిషి, చేతిలో నల్ల తీగ.

"సేవ్ చేశావా?"

"లేదండీ. మీరెవరు?"

"ఎంత పోయింది?"

"రెండు పేజీలు."

"చదువుకున్నవాడివి గనక రెండు పేజీలతో నేర్చుకున్నావు. కొంతమందికి రెండు వారాలు పడుతుంది," అని తీగ మళ్ళీ గుచ్చి వెళ్ళిపోయాడు. యూపీఎస్ ఉన్న ఆఫీసు మాది. వీధి వీధంతా కరెంటు పోయినా మా పని ఆగదు. మావయ్య కుర్చీలోంచి లేస్తేనే ఆగేది.

దీని వెనక ఆయనకో సిద్ధాంతం ఉంది. "నడిచేటప్పుడు అన్ని సాఫ్ట్‌వేర్లూ బుద్ధిగానే ఉంటాయోయ్ ఎమ్మే. చచ్చేటప్పుడు ఏం మిగిల్చి చస్తుంది, లేచాక మొహం ఎలా పెడుతుంది, అదీ చూడాలి."

ఈ పరీక్షలు ఇంట్లోనూ జరిగేవి. కూతురు తాను చేసుకోబోయే కుర్రాణ్ణి ఇంటికి తీసుకొచ్చింది. అతను తన ఉద్యోగం గురించి చెబుతుండగా మావయ్య వాక్యం మధ్యలో లేచి బయటికెళ్ళాడు. పావుగంట తర్వాత వచ్చి కూర్చుని, "ఊఁ, ఎక్కడున్నాం?" అన్నాడు. కుర్రాడు ఆగిన మాట దగ్గర్నుంచే అందుకున్నాడు. మావయ్య భార్య వైపు తిరిగి, "ఆటోసేవ్ ఉందే. ఖాయం చేసెయ్," అన్నాడు.

ఇది అత్తయ్యే నాకు చెప్పింది. "మరి మిమ్మల్నెలా పరీక్షించారు అత్తయ్యా?" అని అడిగాను.

"నేను మాట్లాడుతుంటే ప్లగ్గు ఎక్కడుందా అని వెతుకుతూనే ఉన్నారు. ముప్ఫై ఏళ్ళయింది."

అలాంటి మనిషికి మా ఓనరు కొత్త సాఫ్ట్‌వేర్ ఎంపిక చేసే పని అప్పగించాడు. పాతది ఎప్పుడో ఒకసారి కొన్నది, కొత్త కంప్యూటర్ల మీద తెరుచుకోనని మొండికేసింది. చవగ్గా, పనికొచ్చేది ఒకటి చూడమని వారం గడువిస్తే మావయ్య మూడు నెలలు తీసుకున్నాడు. నోటు పుస్తకంలో మూడు గళ్ళు గీశాడు: ఎలా చచ్చింది, ఏం మిగిల్చింది, లేచాక ఏమంది. ధర అనే గడి లేదు. అది ఓనరు ఎలాగూ చూసుకుంటాడట.

"పెద్ద స్టూడియోలన్నీ ఆ నెలనెలా అద్దె కట్టేదే వాడుతున్నాయంట మావయ్యా," అన్నాడు ఓనరు.

"అద్దె ఇల్లు ఖాళీ చేస్తే మన సామాను మనం తెచ్చుకుంటాం బాబూ. అద్దె ఆపితే ఇది మన సామాను కూడా మనకి చూపించదు."

అయినా ఓనరు మనసాగక ఆ కంపెనీ మనిషిని పిలిపించాడు. అతను చక్కగా దువ్వుకుని, ల్యాప్‌టాప్ తెచ్చుకుని, ఎడారిలో వాన కురిపించి చూపించసాగాడు. మావయ్య నెమ్మదిగా వెనక్కి వెళ్ళి ప్లగ్గు పీకాడు. వాన కురుస్తూనే ఉంది.

"బ్యాటరీ ఉంది సార్," అన్నాడతను నవ్వుతూ.

మావయ్య కూడా నవ్వి, ల్యాప్‌టాప్ మూలనున్న బటన్ మీద బొటనవేలు పెట్టి, అయిదు లెక్కపెట్టాడు. వాన ఆగింది. ఎడారీ పోయింది.

"ఇంతవరకూ ఏ ఆఫీసులోనూ ఇలా చేయలేదు సార్."

"వాళ్ళంతా తర్వాత ఫోన్లో తిడతారు. మేం ఎదురుగానే చూసేస్తాం. లేపండి, ఏమంటుందో చూద్దాం."

అది లేచి, జరిగినదానికి చింతిస్తున్నామని చెప్పింది. వాన గురించి అడిగితే ఏ వాన అన్నట్టు చూసింది. "మర్యాద ఉంది, జ్ఞాపకం లేదు," అని మావయ్య పుస్తకంలో రాసుకున్నాడు.

చివరికి రెండు మిగిలాయి. రెండూ మా తాహతులో ఉన్నవే. సినిమా అంటే సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు. మొదటి సాఫ్ట్‌వేర్ పూర్తయిన ప్రతి బొమ్మనీ ఫోల్డర్లో విడిగా దాచేది. పదమూడు సెకన్ల షాటుకి మూడొందల పన్నెండు బొమ్మలు వరసగా పేర్చేది. ప్లగ్గు పీకితే ఆ క్షణాన చేతిలో ఉన్న ఒక్క బొమ్మ పోయేది, మిగతావన్నీ భద్రం. రెండోది మొత్తాన్నీ ఒకే ఫైల్లో మూటగట్టేది. పీకితే చివరి పది నిమిషాల పని పోయేది. మొదటిదాని పక్కన మావయ్య "సుఖమరణం" అని రాశాడు. రెండోదాని పక్కన, "కొంచెం బాధపడింది."

ఇక మొదటిదే ఖాయమని అందరం అనుకున్నాం. చేతిలో ఉన్న సినిమాలో కష్టమైన షాటు కూడా అందులోనే మొదలుపెట్టారు. నాయిక కోట మీంచి కొండ మీదికి దూకే షాటు అది. ఆవిడ నడుముకి కట్టిన తాళ్ళని మావయ్యా, మా సీనియర్ అక్కా కలిసి బొమ్మ తర్వాత బొమ్మలో చెరుపుతున్నారు.

ఆ సినిమాకి కొండలూ కోటలూ గీయడానికే టీచరమ్మ చేరింది. బళ్ళో డ్రాయింగు పీరియడ్లు ఎత్తేస్తే ఉద్యోగం పోయిన మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి, ఇద్దరు పిల్లలు, ఇంట్లో ఇంకో సంపాదన లేదు. ఆవిడ గీసిన కొండని కాసేపు చూస్తే కాళ్ళు నొప్పులు పుట్టేవి. ఒక్కో కొండా ఒక్కటే బొమ్మ, గీసి మావయ్యకి ఇచ్చేస్తే ఆవిడ పని అయిపోయేది. కంప్యూటర్ని మాత్రం కరిచే జంతువుని చూసినట్టు చూసేది. చేరిన రోజే ఓనరుతో చెప్పేసింది.

"ముందే చెప్తున్నా బాబూ. నావల్ల ఒక్క నష్టం జరిగినా మీరు పొమ్మనక్కర్లేదు, నేనే వెళ్ళిపోతాను. ఇరవై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దినదాన్ని. నా తప్పు ఇంకొకళ్ళు దిద్దుతుంటే చూస్తూ కూర్చోలేను."

ఉత్తుత్తి మాట కాదది. రెండో రోజు ఒక మేఘాన్ని పొరపాటున తలకిందులు చేసి సంచి సర్దుకుంది. మేఘానికి తలేది, కాళ్ళేవి అని అక్క నచ్చజెప్పి కూర్చోబెట్టింది. ఆవిడ కంప్యూటరు ప్లగ్గు జోలికి మావయ్య ఎన్నడూ పోలేదు.

అంతలో ఓనరు గోడకి ఒక కాగితం అంటించాడు: "డిస్కు నిండిపోతోంది. అనవసరమైనవి తీసేయండి."

మర్నాడు అక్క రాలేదు. మావయ్య పంటి నొప్పని మధ్యాహ్నమే వెళ్ళిపోయాడు. సాయంత్రం టీచరమ్మ సంచి తగిలించుకుంటూ నా దగ్గరికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఎమ్మే గారూ, ఇవాళ నేను కూడా ఆఫీసుకి పనికొచ్చే పని ఒకటి చేశాను. ఒకే అమ్మాయి, ఒకే కొండ, మూడొందల పైచిలుకు బొమ్మలు పెట్టుకున్నారండీ. ఎవరి ముచ్చట వాళ్ళదనుకోండి. అన్నిట్లోకీ బాగా కుదిరింది ఒకటి ఉంచి మిగతావి తీసేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను."

"మంచి పని చేశారండీ," అన్నాను. ఎమ్మేలో ఇవి చెప్పరు.

మర్నాడు పొద్దున మావయ్య ఒక బుగ్గ బూరెలా ఉబ్బించుకుని వచ్చి ఫోల్డరు తెరిచాడు. అందులో ఒక అమ్మాయి, ఒక కొండ, ఒక బొమ్మ. అక్క వచ్చి చూసి కుర్చీలో కూలబడింది. పంతొమ్మిది రోజుల పని. వేరే డిస్కులో కాపీ ఉంది గానీ అది పాతది, అందులో ఉన్నవి సగమే. షాటు ఇవ్వాల్సింది వారంలో. నాకప్పటికి విషయం బోధపడి, మావయ్య చెవిలో నిన్నటి మాటలు ఊదాను. ఆయన ఆ మిగిలిన ఒక్క బొమ్మ వైపు చాలాసేపు చూశాడు.

"ఎంపిక మాత్రం బాగుందోయ్," అన్నాడు.

టీచరమ్మ అప్పుడే వచ్చి తన బల్ల తుడుచుకుంటోంది. వెనకే ఓనరు మెట్లెక్కి వచ్చాడు. మా మొహాలు చూసి, "ఏమైంది?" అన్నాడు.

మావయ్య లేచి నిలబడ్డాడు. "నేనే పీకాను. నిన్న సాయంత్రం అంతా వెళ్ళాక వచ్చాను. బొమ్మలు దాస్తుండగా పీకాను. ఫోల్డరంతా పోయింది."

ఓనరు ఆయన ఉబ్బిన బుగ్గ వైపు చూశాడు. గోడ మీది కాగితం వైపు చూశాడు. ఆ తర్వాత అందుకున్నాడు. ఆఫీసా మీ ప్రయోగశాలా అన్నాడు. జుట్టు నెరిసింది గానీ చేతి దురద తగ్గలేదన్నాడు. పావుగంట తిట్టాడు. మావయ్య తల వంచుకుని విన్నాడు. అది చాలదన్నట్టు టీచరమ్మ గుడ్డ పక్కన పడేసి లేచింది.

"పెద్దవారు, మీకు చెప్పేంతదాన్ని కాను మాస్టారూ. అన్ని రోజుల కష్టాన్ని అంత తేలిగ్గా ఎలా పోగొట్టారండీ? చెయ్యి వేసేముందు ఒక్కసారి ఆలోచించుకోవద్దూ? మా బళ్ళో అయితే గోడ వైపు తిరిగి నిలబడమనేదాన్ని."

"ఎంతసేపమ్మా?" అన్నాడు మావయ్య వినయంగా. వినయం ఉన్న మనిషేనని నాకు తెలిసింది అప్పుడే.

ఆరు రోజులు మావయ్యా అక్కా కుర్చీలు దిగలేదు. పోయిన సగాన్నీ మళ్ళీ చేశారు. టీచరమ్మ తన కొండ పని చేసుకుంటూనే, మావయ్య లేచినప్పుడల్లా తనూ లేచి ప్లగ్గుల దగ్గర కాపలా నిలబడేది. మంచినీళ్ళకి వెళుతున్నానని ఆయన సంజాయిషీ చెప్పుకునేవాడు.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక అక్కతో అన్నాను. "ఎంత త్యాగం అక్కా. చేయని తప్పు నెత్తినేసుకుని..."

"త్యాగం లేదు, తోటకూర కాడ లేదు. ఆ గుణగానాలు ఇక్కడ మొదలుపెట్టకు," అంది అక్క, తెర మీంచి చూపు తిప్పకుండా. "నేను చేరిన ఏడాది నా ప్లగ్గు మూడుసార్లు పీకానని ఓనరుతో చెప్పాడు. ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నాకప్పట్లో సేవ్ చేయడం గుర్తుండి చచ్చేది కాదు."

"మరి నిజంగా పీకేవో?"

"అవీ పీకుతాడు. అసలు పీకకపోతే, పీకానంటే ఎవరు నమ్ముతారు?"

షాటు అనుకున్న రోజుకే వెళ్ళింది. మర్నాడు ఓనరు మావయ్యని పిలిచి, సాఫ్ట్‌వేర్ సంగతి ఇవాళ తేలిపోవాలన్నాడు. మావయ్య పుస్తకం తెరిచి, "రెండోది," అన్నాడు.

"అదేంటి, మొదటిదానికి సుఖమరణం అని రాశారుగా? ఇది బాధపడిందన్నారు?"

"పది నిమిషాలేగా, పడనీ. మొదటిదానితో ఒక చిక్కుంది బాబూ. ఉన్న బొమ్మలన్నీ ఫోల్డర్లో పరిచి పెడుతుంది. చూసేవాళ్ళకి చిందరవందరగా ఉంటుంది, సర్దబుద్ధేస్తుంది. ఇది అన్నీ మూటగట్టి ఒక్కటే చూపిస్తుంది. ఇందులో సర్దడానికేమీ ఉండదు."

మూడు నెలల పరీక్షలూ, ముప్ఫై ఏళ్ళ సిద్ధాంతమూ ఆ ఒక్క మాటతో కొట్టేశాడు. పక్క గదిలోంచి టీచరమ్మ, "అంతే మాస్టారూ, ఏదైనా నీటుగా ఉండాలి," అని మెచ్చుకుంది.

"సరే, రెండోదే కొందాం," అన్నాడు ఓనరు.

ఆ సాయంత్రం ఓనరుతో కలిసి మెట్లు దిగుతున్నాను. పాపం, ఏమీ తెలియని మనిషిని అందరం కలిసి మోసం చేశామని నాకు మనసులో పీకుతోంది. "ఒక మాటండీ," అన్నాను. "ఆ రోజు ఆ ఫోల్డరు..."

"ఆ రోజు సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా పళ్ళ డాక్టరు దగ్గర ఆయన పక్కన కూర్చున్నది నేనే," అన్నాడు ఓనరు. "రెండు పళ్ళు తీశారు. బండి మీద ఇంటికి దింపితే, నా భుజం మీదే నిద్రపోయాడు. మళ్ళీ ఆఫీసుకి ఎక్కడొస్తాడు? అనవసరమైనవి తీసేయమని కాగితం అంటించిన తెలివితేటలు ఎవరివో కూడా నాకు తెలుసు."

"తెలిసి కూడా పావుగంట తిట్టారా?"

"తిట్టకపోతే టీచరమ్మ నమ్ముతుందా?" రెండు మెట్లు దిగి ఆగాడు. "ఏం, మరీ ఎక్కువైందంటావా?"

"లేదండీ, మీ తిట్లు సరిపోయాయి," అన్నాను. "టీచరమ్మవే కొంచెం ఎక్కువయ్యాయి."