నులితీగల్లేని బీరపాదు

జనార్దనరావుకి ఉన్న జబ్బు ఒక్కటే. పక్కవాడి పాదు తన పాదు కన్నా జానెడు ఎత్తు పెరిగితే ఆయనకి అన్నం సయించదు. జీతాల మీదా, ప్రమోషన్ల మీదా, కొత్త కార్ల మీదా మాత్రం బొత్తిగా అసూయ లేదు. సముద్రం అవతల చాంగీ కంపెనీలు తెలుగు కుర్రాళ్లని విమానాల కొద్దీ దింపుకుంటున్న రోజుల్లో అది వింతే. లోకంలో ఒక్కో రేవులో ఒక్కో అసూయ. ఒకచోట గుర్రాల మీద, ఒకచోట మీసాల మీద. అక్కడి బెడోక్ పేటలో ఆ నాలుగో అంతస్తులో మాత్రం బీరపాదు మీద.

ఆ వరండాలో పొద్దుటెండ పడేది మూరెడు చోటే. తిండి దుకాణాల హాకర్ సెంటర్లో జనం టిష్యూ పాకెట్ పెట్టి బల్ల చోప్ చేసుకున్నట్టు, అంటే ముందే పట్టేసుకున్నట్టు, ఆయన ఆ మూరెడునీ చోప్ చేసి తన బీర కుండీ, దాని అంచున ఓ టిష్యూ పాకెట్ పెట్టుకున్నాడు. కుండీ ఉండగా మళ్లీ పాకెట్ ఎందుకని కూతురు కీర్తిక అడిగితే, "కుండీకి నోరుందా? ఇది మన చోటని ఎవరు చెప్తారు?" అన్నాడు. వానకి తడిస్తే కొత్త పాకెట్ పెట్టేవాడు.

పక్క ఫ్లాట్లోకి అనంతపురం కుర్రాడు గోపీకృష్ణ దిగాడు. వారం తిరక్కుండానే, సుగంధి వేళ్లలాంటి మూడు ముక్కల్ని కుండీలో అడ్డంగా పడుకోబెట్టి మట్టి కప్పుతుంటే, జనార్దనరావు ఎంగిలి చేత్తోనే వచ్చేశాడు.

"ఏం పాదు బాబూ?"

"బీరు పాదు అంకుల్. మా ముసలి మేనేజరు రిటైరై ఇంగ్లండు పోతా ఇచ్చినాడు. కాయ కాస్తే ఫొటో పంపుతానని మాటిచ్చినా."

జనార్దనరావు చెవికి అందింది "బీర" వరకే. వేరుతో బీర వేసేవాణ్ణి అరవయ్యేళ్లలో చూడలేదు. నీళ్లకి కరువైన సీమ కదా, అక్కడ ఇలాగే వేస్తారు కాబోలు అనుకున్నాడు.

నెల తిరిగేసరికి ఆ తీగ మెట్ల దగ్గరి చీకట్లోంచే తాడుని చుట్టుకుంటూ పైకి లేచింది. ఆయన రోజూ దర్జీ టేపు పట్టుకొచ్చి, గోపీ బూట్లు తొడుక్కుంటుండగానే కొలిచేవాడు.

"నాది నాలుగడుగులు. నీది నాలుగూ రెండంగుళాలు. ఏం పోస్తున్నావు?"

"నీళ్లే అంకుల్."

"నీళ్లు నేనూ పోస్తున్నాను. అయినా మీ బీరకి నులితీగలుండవా?"

మూడో నెలలో ఆకుల అంచులు మాడటం మొదలెట్టాయి. గోపీ ముఖమూ వాడింది. సరిగ్గా అప్పుడే ఆఫీసువాళ్లు మూడు వారాలు జకార్తా పొమ్మన్నారు. వరండాలో ఇంకెవరూ లేక, భయంభయంగానే, నీళ్లు పోసే పని జనార్దనరావుకే అప్పగించి వెళ్లాడు.

ఆ సాయంత్రమే కీర్తిక అసలు సంగతి బయటపెట్టింది. "అది బీర కాదు నాన్నా, బీర్. దీని కాయలు తాగే బీర్‌లో వేస్తారు. చల్లదేశం ప్లాంట్."

"మరి మూడు నెలలుగా నేను పోటీ పడుతున్నది?"

"రాంగ్ ప్లాంట్‌తో."

ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

మూడు వారాలకి గోపీ లిఫ్టు దిగి చూస్తే, మెట్ల దగ్గరి కుండీలో తీగ పసుపుపచ్చగా వేలాడుతోంది. ఎండ చోట మాత్రం పచ్చటి పాదు పైకప్పు అందుకుంది. అసూయ ఎంత పని చేసిందిరా అనుకుంటూ దగ్గరికెళ్లాడు. పచ్చటి పాదుకి నులితీగల్లేవు. మట్టి మీద కరుగుతున్న ఐసు ముక్కలు, అంచున కొత్త టిష్యూ పాకెట్.

"నాన్న రోజూ మార్నింగ్ ఐస్ పెడతారు," అంది కీర్తిక గుమ్మంలోంచి. "నిమ్మరసంలోకి ఐస్ మిగలక మేమే కొనుక్కుంటున్నాం."

గోపీ మెట్ల దగ్గరి పసుపుపచ్చ తీగ వైపు తిరిగాడు. "మరి మీ బీర, అంకుల్?"

"చీకట్లో ఉన్నదాన్ని ఓడిస్తే అదో గెలుపా?" అన్నాడు జనార్దనరావు ఎటో చూస్తూ. "పైగా అవతల ముసలాయనకి మాటిచ్చానన్నావు." అంతలో ఆకుల చాటున బొటనవేలి గోరంత పచ్చటి గుత్తి కనబడి టేపు తీశాడు. "కాయ ఇంతేనా?"

"ఇంతే అంకుల్."

ఆయన ముఖం చాన్నాళ్లకి వెలిగింది. ఒక్క నిమిషం ఆగమని లోపలికి పరుగెత్తాడు.

ఇంగ్లండు వెళ్లిన ఫొటోలో ఆ చిన్న గుత్తి పక్కనే, ఎవరి చేతిలోనో, కిందటి కాపులో విత్తనానికి ఎండబెట్టిన మూరెడు బీరకాయ కూడా ఉంది.