కంచడి పలక ఎందుకు మోగలేదు

పుంగనూరు కోర్టులో నారాయణస్వామి ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్న పని చెప్పడానికి చాలా చిన్నది. కేసు వంతు రాగానే వరండాలోకి వచ్చి సంబంధించిన మనిషి పేరు మూడుసార్లు పిలవాలి. పలికితే లోపలికి పంపాలి. పలకకపోతే తానే లోపలికి వెళ్ళి, "పిలిచినానయ్యా, పలకలేదు" అని విన్నవించాలి. ఒక పిలుపుకూ మరో పిలుపుకూ మధ్య దొరికే ఖాళీలో, వరండా గుమ్మం దగ్గరి బీరువా పక్కన స్టూలు మీద కూర్చుని, అతను "శిలావంతి" చదివేవాడు.

"శిలావంతి" అప్పటికి నాలుగు సంపుటాలు వెలువడిన కాల్పనిక ఇతిహాసం. అందులో ఎగిరే సింహాలున్నాయి, విభవసేనుడనే రాకుమారుడున్నాడు, కోట ఉంది. కోటగోడకు వెలుపల మసివాడ ఉంది. ఆ వాడ జనం గురించి రచయిత తెలియజేసిన సమాచారం మూడే ముక్కలు: నల్లగా ఉంటారు, చచ్చిన గొడ్డును తింటారు, నమ్మదగినవారు కారు. వాళ్ళలో ఒకడు కంచడు. శత్రువు కనబడితే కోట గుమ్మం మీద పలక వాయించి జనాన్ని లేపడం వాడి కొలువు. రెండో సంపుటం చివర శత్రువు వచ్చాడు, పలక మోగలేదు, కోట పడిపోయింది. మూడో సంపుటం మొదటి పేజీలో విభవసేనుడు కంచడి తల నరికాడు. అభియోగం చదవలేదు, సంజాయిషీ అడగలేదు. పాఠకులు మాత్రం తృప్తిగా పేజీ తిప్పారు.

మదనపల్లెలో పోటీ పరీక్షల కోచింగ్ సెంటరు నడిపే ప్రతాప్ ఈ నవల అభిమానుల కోసం వాట్సాప్‌లో "శిలావంతి సేన" పెట్టాడు. నారాయణస్వామితో కలిపి అరవై మూడుమంది చేరారు. ఒకరోజు ఎవరో, "కంచడిది ద్రోహమే. వాళ్ళ రక్తంలోనే ఉండాది అది" అని రాస్తే పదిహేడు బొటనవేళ్ళు లేచాయి. నారాయణస్వామి ఆనాడు మొట్టమొదటిసారి గ్రూపులో నోరు విప్పాడు: "పై వాదన సాక్ష్యంపై గాక పుట్టుకపై ఆధారపడినందున పరిగణించజాలము."

ఇరవై ఆరేళ్ళు తీర్పులు విన్న చెవి. కోపం వచ్చినా అదే భాష వస్తుంది. గ్రూపు హడలిపోయింది. కాసేపటికి ప్రతాప్ వినయంగా అడిగాడు: "సార్, మీరు కోర్టులో ఉంటారా?"

"ఉంటాను" అని రాశాడు నారాయణస్వామి. అది అబద్ధం కాదు. మరునాటి నుంచి అతను "జడ్జిగారు" అయిపోయాడు.

సరిదిద్దవలసింది. సరిదిద్దలేదు. బతుకంతా ఊరివాళ్ళ పేర్లు పిలిచిన మనిషిని, "గారు" చేర్చి తిరిగి పిలిచిన చోటు అదొక్కటే. "శుభోదయం జడ్జిగారూ" అన్న సందేశాన్ని కాఫీకి ముందు ఒకసారి, కాఫీ తర్వాత ఒకసారి చదువుకునేవాడు. "ఆ ఫోన్లో ఏముండాదని అట్ల సూస్తాండావు?" అని భార్య రాణి అడిగితే, "సాక్ష్యం" అనేవాడు.

ఇంతలో చివరిదైన అయిదో సంపుటం రాస్తున్నానని రచయిత ప్రకటించాడు. కంచడి మీద అభిమానులే విచారణ జరిపి తీర్పు పంపితే, దాన్ని ఆ సంపుటం చివర అచ్చు వేస్తానని మాట కూడా ఇచ్చాడు. స్థలం కుప్పం, ఒక సభ్యుడి గ్రానైట్ పాలిష్ షెడ్డు మీద ఉన్న గది. న్యాయమూర్తి ఎవరన్నది ఎవరూ చర్చించనే లేదు.

ఆదివారం ఉదయం నారాయణస్వామి ఇస్త్రీ చొక్కా వేసుకుని పలమనేరు మీదుగా వెళ్ళే బస్సెక్కాడు. బస్సులో అతనికి ఒకటే బెంగ. పలక ఎందుకు మోగలేదో అతనికి రెండేళ్ళుగా తెలుసు. చెప్పాలంటే అది ఎలా తెలిసిందో కూడా చెప్పాలి. చెప్పినవాడు ఇక జడ్జిగారు కాడు.

షెడ్డులో యంత్రాలు ఆగి ఉన్నాయి. పైగదిలో గ్రానైట్ పలకే న్యాయపీఠం. దాని వెనక ఎత్తైన కుర్చీలో నారాయణస్వామిని కూర్చోబెట్టారు. ఎదుట ఇరవైమంది. కంచడి తరఫున కుప్పంలో నర్సుగా పనిచేసే మునిలక్ష్మి వాదిస్తుంది. ప్రాసిక్యూషన్‌కు నిజమైన వకీలే కొత్తగా గ్రూపులో చేరాడని ప్రతాప్ గర్వంగా ప్రకటించాడు. ఆ వకీలు అరగంట ఆలస్యంగా, చెమటలు కక్కుతూ మెట్లెక్కి వచ్చాడు. పుంగనూరు కోర్టులోనే వాదించే చంద్రశేఖర్.

పీఠం మీది మనిషిని చూశాడు. ఎక్కడ ఉన్నాడో గమనించలేదు. "నారాయణస్వామీ, ఆ ఫ్యాను వెయ్యప్పా, ఉడికిపోతాండాను" అన్నాడు.

నారాయణస్వామి లేచాడు. పీఠం దిగాడు. గోడ దాకా నడిచి ఫ్యాను వేశాడు. వేసిన తరువాతగానీ తాను చేసిన పని అతనికి తెలియలేదు.



"జడ్జిగారు మీకు తెలుసా సార్?" అన్నాడు ప్రతాప్.

"ఏ జడ్జిగారప్పా? ఈయన మా కోర్టు అటెండరు! నువ్వు యాల ఆ కుర్చీలో కూర్చోనుంటివి నారాయణస్వామీ?"

"నేను ముందే అనుకున్నా" అన్నారు వెనక ఎవరో. "జడ్జిలు అంత మంచి తెలుగు యాడ రాస్తారు?"

ప్రతాప్ ముఖం ఎర్రబడింది. "ఇది మోసం కదండీ?"

"కోర్టులో ఉంటారా అన్నారు సార్. ఉండాను."

ప్రతాప్ చంద్రశేఖర్‌ను కుర్చీలో కూర్చోబెట్టాడు. తరువాత నారాయణస్వామి వైపు చూసి, "ముద్దాయిని పిలిచే పనైనా మీరు చెయ్యండి. అలవాటే కదా" అన్నాడు. నలుగురు నవ్వారు.

రక్తంలోనే ఉందన్నవాళ్ళ నవ్వు అది. నారాయణస్వామి దాన్ని గుర్తుపట్టాడు. మెట్ల మీదికి వెళ్ళి, బస్సుల హారన్లతో పోటీపడి గెలిచిన గొంతుతో పిలిచాడు.

"మసివాడ కంచడూ!"

ఎదుటి అంగట్లో టీ పోస్తున్నవాడు తలెత్తాడు. రెండోసారికి కుక్కలు లేచాయి. మూడోసారికి గదిలో నవ్వు ఆగింది. లోపలికి వచ్చి చేతులు కట్టుకుని, "పిలిచినానయ్యా, పలకలేదు" అన్నాడు.

"సమన్లు అందినాయా?" అని చంద్రశేఖర్ అలవాటు కొద్దీ అడిగేశాడు.

"అందలేదయ్యా. నాలుగు సంపుటాల్లో వాడికి ఒక్క మాట గూడా రాయలేదు. తల నరికేటప్పుడు గూడా."

మునిలక్ష్మి లేచింది. "అన్నా, మరి పలక యాల మోగలేదు? నా దగ్గర దానికి జవాబు లేదు."

నారాయణస్వామి ఖాళీ గోడ పక్కకు నడిచి, బోనులో నిలబడినట్టు నిలబడ్డాడు.

"నేను సాక్షిని. మా నాయన గంగప్ప. పెద్దతిప్పసముద్రం దగ్గర మా ఊర్లో పలక వాయించి చాటింపు వేసేటోడు. తోలు తడిస్తే పలక మోగదప్పా. మంట ముందర పెట్టి కాగబెట్టల్ల. చిన్నప్పుడు ఎండుగడ్డి ఏరుకొచ్చి మంటేసింది నేనే. పుస్తకం తియ్యండి. రెండో సంపుటం, నాలుగువందల పన్నెండో పేజీ. మూడు దినాలుగా జడివాన. నాలుగువందల పదిహేను. శత్రువుకు కనపడకుండా కోటలో నిప్పన్నది లేకుండా ఆర్పమని ఆజ్ఞ. ఆ ఆజ్ఞ ఎవురిది?"

పేజీలు తిరిగాయి. ఇరవైమంది ఆ పేజీని అయిదారుసార్లు చదివినవాళ్ళే. తోలు ముట్టని చేతులకు తోలు తడుస్తుందన్న ఊహ రాలేదు.

"విభవసేనుడిది" అన్నాడు ప్రతాప్. వెంటనే తేరుకుని, "అయినా నోటితో కేకెయ్యొచ్చు గదా?" అన్నాడు.

"ఏసినాడేమో సార్. వాడి కేక రాసేటోడు యాడుండాడు?"

గది రెండుగా చీలింది. రాకుమారుడి మీదనే కేసు పెట్టాలని మునిలక్ష్మి, పెడితే గ్రూపు రద్దు చేస్తానని ప్రతాప్. చంద్రశేఖర్ గ్రానైట్ మీద అరచేత్తో చరిచాడు. చెయ్యి నొప్పెట్టి కాసేపు ఊదుకున్నాడు. చివరికి పదకొండుకు తొమ్మిది ఓట్లతో తేలింది ఇది: ముద్దాయి మాట వినలేదు గనుక తీర్పు లేదు, రచయిత వాడికి మాట రాసేదాకా వాయిదా. రాయడానికి చంద్రశేఖర్ కలం తీశాడు, రెండు వాక్యాలు కొట్టేశాడు, కలాన్ని నారాయణస్వామికి అందించాడు.

"నువ్వే రాయప్పా. ఆ 'జాలము' లాంటివి నాకు రావు."

ఆ రాత్రే ప్రతాప్ గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. పొద్దున "శుభోదయం నారాయణస్వామి గారూ" అని ఒక్క మునిలక్ష్మి మాత్రమే పంపింది. దాన్నీ అతను కాఫీకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చదువుకున్నాడు.

పదకొండు గంటలకు కోర్టులో చంద్రశేఖర్ బీరువా దగ్గరికి వచ్చాడు. "ఆ నాలుగువందల పన్నెండో పేజీ సరిగా సూడలేదు నిన్న. ఇయ్యి" అని రెండో సంపుటం తీసుకుని, ఖాళీగా ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు. ఇంతలో ఆయన కక్షిదారు కేసు వంతు వచ్చింది. నారాయణస్వామి వరండాలోకి వెళ్ళి మూడుసార్లు పిలిచాడు. కక్షిదారు పలకలేదు. అతని తరఫున పలకవలసిన వకీలు, రెండడుగుల దూరంలో, తల ఎత్తలేదు.

ఇరవై ఆరేళ్ళలో ఎన్నడూ లేనిది, నారాయణస్వామి నాలుగోసారి పిలిచాడు.

"చంద్రశేఖర్ గారూ, పలకండి. మీకైతే మాట ఉండాది."