ఇంకో రౌండు మేస్త్రీ

కారు బాగయ్యాక కూడా తాళం ఇవ్వడానికి ప్రాణం ఒప్పని మెకానిక్ ఎవరైనా ఉన్నారంటే ఈ మేస్త్రీయే. "ఇంకో రౌండు కొట్టి చూద్దాం" అన్నది ఆయన ఊతపదం. ఓ డాక్టరు హారన్ బాగుచేయమంటే, నలభై కిలోమీటర్లు తిప్పి తెచ్చాడు.

"హారన్‌కి అంత దూరం దేనికయ్యా?"

"ఊరి బయట ఎలా మోగుతుందో తెలియొద్దూ?"

రిటైరైన లెక్కల టీచరమ్మ ఇదంతా తెలిసీ, గత్యంతరం లేక వచ్చింది. భర్త పోయిన రెండేళ్ళలో ఆయన ఆటోమేటిక్ కారు కూరగాయల కొట్టు దాటలేదు. ఆవిడకు లైసెన్సుంది, ధైర్యం లేదు. మూడు గంటల దూరంలో అక్క ఉంది. అక్కకు మోకాళ్ళు కదలవు, ఈవిడకు బస్సెక్కితే వాంతులు. ఫోనులో ఎంత మాట్లాడినా అక్క పక్కన కూర్చోవాలన్న ఆశ తీరేది కాదు. 

"ఇంజన్ ఒకటే గోల మేస్త్రీ. పెట్రోలు తెగ తాగేస్తోంది."

మేస్త్రీ బ్రేకు పెడల్ కిందికి దూరి, తీగకు టెస్టు లైటు ఆనించాడు. బ్రేకు తొక్కనప్పుడు వెలగాల్సిన లైటు వెలగలేదు.

"లోపల టార్క్ కన్వర్టర్ క్లచ్ అని ఒకటుంటుందమ్మా. బండి ఒకే వేగంలో సాగితే బిగుసుకుని ఇంజన్‌కి కాస్త ఊపిరినిస్తుంది. బ్రేకు తొక్కితే వదిలేస్తుంది. మీ బ్రేకు స్విచ్చి పాడై, తొక్కకపోయినా తొక్కారని చాడీలు చెబుతోంది."

స్విచ్చి మార్చాడు. లైటు వెలిగింది.

"అయిపోయిందా?"

"ఎక్కడయిందీ! ఇంజన్ వేడెక్కి, వేగం నిలబడితే గానీ తేలదు. మీరు తోలండి, నేను వింటాను. ఇంకో రౌండు!"

ఆ ఆదివారం పది కిలోమీటర్లు. మరుసటి ఆదివారం ముప్పై. "ఏదో మూలుగుతోందమ్మా." "నాకేం వినబడట్లేదే?" "లెక్కలు చెప్పిన చెవులకు వినబడదు లెండి." మూడో ఆదివారం అరవై. వీధి వీధంతా నవ్వింది. దారి పొడుగునా టీచరమ్మ నోట అక్క మాట తప్ప వేరే మాట లేదు.

నాలుగో ఆదివారం ఓ మలుపు దగ్గర ఆవిడ ఉలిక్కిపడింది. "ఇది మా అక్క వాళ్ళ ఊరి దారి!"

"అలాగా? రోడ్డు బాగుంది, పోనివ్వండి."

అక్క గేటు ముందు కారాపి, ఆవిడ మేస్త్రీ వైపు తిరిగింది. "నిజం చెప్పు. ఇది ఎప్పుడు బాగైంది?"

"స్విచ్చి మార్చినప్పుడే. మీ కాలే మొండికేసింది. భయంతో బ్రేకు మీద ఆనించే ఉంచితే కొత్త స్విచ్చి మాత్రం ఏం చేస్తుంది? ఇవాళ దారంతా ఆ కాలు తీసేశారు." తాళం ఆవిడ చేతిలో పెట్టాడు. "నేను బస్సులో పోతా. మీరు ఉన్నన్నాళ్ళు ఉండి, మీరే తోలుకు రండి."

ఆవిడ నోరు తెరిచేలోపే సందు చివరికి చేరాడు.

అక్క గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. చెల్లిని చూసింది, కారును చూసింది, అందులో ఇంకెవరైనా ఉన్నారేమోనని వంగి చూసింది.

"ఎవరు తీసుకొచ్చారే నిన్ను?"

"నేనే వచ్చానక్కా."