ముట్టకూడని కుండ

తడిసిన బూడిద వాసన తగిలితే ఇప్పటికీ నా నోరెండిపోతుంది.

మా చిన్నప్పుడు భావనపాడులో అన్నీ తాటాకిళ్లే. ఎండాకాలమంతా ప్రతి గుమ్మం ముందూ నిప్పార్పడానికి కుండెడు నీళ్లుండాలని, వాటిని ఇంకే పనికీ ముట్టకూడదని ఊరి కట్టుబాటు. అమ్మ దూరపు నూతినుంచి ఇసకలో నడిచి మోసుకొచ్చి నింపేది. ఒక మధ్యాహ్నం దాహమాగక ఆ కుండలో ముంచుకుని తాగాను. కాసేపటికే పక్కింటి కప్పు అంటుకుంది. అందరూ కుండలు కుమ్మరించి ఆర్పారు.

"నాను తాగీసినానమ్మా, అందుకే అంటుకుంది," అని ఏడ్చాను.

"ఏటే ఆ ఏడుపు? లెగు. కుండ కాళీ అయిపోనాది, మల్లీ నింపాల," అంటూ అమ్మ కుండ చంకనెత్తుకుని నూతివైపు నడిచింది.

తిట్టలేదంటే క్షమించిందనుకున్నాను. ఆమెకు తిట్టే ఓపిక కూడా మిగల్లేదని, నేను నీళ్లు మోసే వయసొచ్చాక తెలిసింది.