ఆగండిగారి ఆమేన్

ప్రార్థన ముగిసి అందరూ ఆమేన్ అనగానే ఆయన కుడి అరచెయ్యి లేస్తుంది. భుజం దాకా కాదు, ఛాతీ దాకానే. రోడ్డు దాటబోయే పిల్లవాణ్ణి ఆపినట్టు. కళ్ళు మూసే ఉంటాయి. పెదవులు కదలవు. మిగతావాళ్ళం పాటల పుస్తకాలు సర్దుకుని, గొడుగులు వెతుక్కుని గుమ్మం దాటేసరికి ఆయన ఇంకా ఆ ప్రార్థన దగ్గరే ఉంటాడు.

కొన్నిసార్లు ఆమేన్ అంటాడు. కొన్నిసార్లు అనడు. కొన్నిసార్లు మంగళవారం నాడు అంటాడు.

ఆగండిగారు అని పేరు పెట్టింది మా అత్తగారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది, అక్కడే ఉండిపోయింది.

ఆయన పని నిచ్చెనలు చేసే ఫ్యాక్టరీలో తనిఖీ. ఇరవై ఏడేళ్ళుగా అదే. బయటికి వెళ్ళే ప్రతి నిచ్చెనా ఆయన ఎక్కాలి. ప్రతి మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి నిలబడాలి. ఒకసారి ఊగాలి. దిగి, అడుగున సుద్దతో గీత పెట్టాలి. ఇంత ఎక్కి ఎక్కడికీ చేరని మనిషిని తను చూడలేదని మా ఆవిడ అంటుంది. ఆ నిచ్చెన మీంచి ఎవరైనా పడితే ఆ గీత తనదేనని ఆయన అంటాడు. ఆమేన్ కూడా ఆయన లెక్కలో సుద్దగీతే.

ఒక ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు యాకోబు కలలో చూసిన నిచ్చెన గురించి గంటసేపు చెప్పి, చివర సందేహాలున్నాయా అని మర్యాదకి అడిగారు. ఆగండిగారు లేచి, దాని కింది కొస దేనికి ఆనించి ఉందని అడిగాడు. నేలకు అన్నారు అయ్యగారు. మట్టి నేలా, బండా అని అడిగాడు. ఆ తర్వాత అయ్యగారు మర్యాదకి కూడా సందేహాలు అడగలేదు.

నాకు హెడ్‌క్లర్కు పదవి రావాలని సంఘమంతా ప్రార్థించింది. ఆరు రోజుల తర్వాత ఆయన మా ఇంటికి వచ్చాడు. బాగా ఆలోచించానని, నాతో పోటీపడుతున్న ఆవిణ్ణి కూడా వెళ్ళి చూసి వచ్చానని, ఆమేన్ అనలేకపోతున్నానని చెప్పి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. పదవి ఆవిడకే వచ్చింది. ఇప్పుడు ఆవిడ కింద పనిచేస్తున్నాను. ఆయన ఆలోచనలో తప్పుందని చెప్పలేను.

ఇలాంటి మనిషిని వెంటబెట్టుకుని ప్రయాణం పెట్టుకోవడం మా తెలివితక్కువ. వ్యానులో ఒక సీటు మిగిలింది. మా అత్తగారు ఆయన్ని పిలిచింది. ఆవిడ మోకాలి నొప్పి గురించి మొదలుపెడితే చివరిదాకా వినేది ఈ లోకంలో ఆయనొక్కడే.

ప్రయాణం మా ఆవిడ కోసం. తను చిన్నప్పుడు పెరిగింది ఒక చిన్న దీవిలో. అక్కడి చర్చిలో తనకు పాట నేర్పిన టీచరమ్మ ఇప్పుడు దీవి విడిచి తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఉత్తరం రాసింది. శనివారం సాయంత్రం ఐదింటికి ఆఖరి ఆరాధన, ఆదివారం పొద్దున్న పడవకి ప్రయాణం. మన పాట ఆ చర్చిలో ఇంకొక్కసారి పాడాలని ఉంది, నీ కిందిగొంతు లేకపోతే పాడను, అని రాసింది. అది ఇద్దరు ఒకేసారి రెండు వరసల్లో పాడే పాట. పైగొంతు టీచరమ్మది. కిందిగొంతు మా ఆవిడది. నెలరోజులు వంటగదిలో సాధన చేసింది. కిందిగొంతు ఒక్కటే వింటే పాటలా ఉండదు. పక్కింట్లో ఎవరో ఎవరినో తిట్టుకుంటున్నట్టు ఉంటుంది. అయినా నెలరోజులూ విన్నాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో తను నన్ను దేనికోసమైనా గట్టిగా పట్టుపట్టి అడిగింది ఆ ఒక్క ప్రయాణమే.

దారి ఆరు గంటలు. పడవ మూడింటికి. పొద్దున్న ఎనిమిదింటికి వ్యాను ఎదుట నిలబడి అత్తగారు క్షేమంగా చేర్చమని ప్రార్థన చేసింది. ఆమేన్ అన్నాం. అరచెయ్యి లేచింది.

కళ్ళు తెరిచి ఆగండిగారు టైర్ల దగ్గరికి నడిచాడు. నాలుగూ వంగి చూశాడు. వెనక పడుకున్న ఐదోదాన్ని బయటికి తీయించాడు. నట్లన్నీ వదులు చేసి మళ్ళీ బిగించమన్నాడు. డ్రైవరు, తన బండి మీద ఇంత అనుమానం తన అత్తగారు కూడా పడలేదని అలిగి టీ కొట్టుకి వెళ్ళాడు. బతిమాలి తీసుకొచ్చాను. నట్లు బిగించేటప్పుడు టార్చి పట్టుకున్నదీ నేనే. అన్నీ అయ్యాక ఆయన ఆమేన్ అన్నాడు. తొమ్మిదీ ఐదు.

మేం రేవుకి చేరేసరికి పడవ వెళ్ళిపోయింది. దాని వెనక నీళ్ళు ఇంకా తెల్లగానే ఉన్నాయి. ఆ రోజుకి అదే ఆఖరిది.

 మా ఆవిడ పడవ గోరంత అయ్యేదాకా నిలబడి చూసింది. దీవిలో తెలిసినవాళ్ళకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. అందరూ చర్చిలో ఆరాధన ఏర్పాట్లలో ఉండి ఉంటారు. రేవు పక్కన సత్రంలో రెండు గదులు దొరికాయి. ఐదు గంటలకు తను కిటికీ దగ్గర కూర్చుంది. ఐదున్నరకి చేతిసంచిలోంచి పాట కాగితం తీసి, చూసి, మళ్ళీ లోపల పెట్టింది. ఆగండిగారు వరండాలో స్తంభంలా నిలబడ్డాడు. అలాంటప్పుడు మొగుడన్నవాడు ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. రెండుసార్లు దుప్పటి దులిపాను.

పొద్దుగుంకే వేళ భోజనం బల్ల దగ్గర అత్తగారు కళ్ళు మూసుకుంది. కూతురి మనసు తేలికపరచాలని ఆవిడ తాపత్రయం. ప్రభువా, ఆ పడవ మాకు అందకపోవడం నీ చిత్తం, అందులో మాకు తెలియని మేలు ఏదో దాచి ఉంచావు, అంది. నేను గబగబా ఆమేన్ అన్నాను. టార్చి పట్టుకున్నవాడికి అంతకంటే మంచి ప్రార్థన దొరకదు.

అరచెయ్యి లేచింది. మా ఆవిడ ఆ చెయ్యి వంక చూసిన చూపు నేను మరిచిపోలేను.

"ఆగండి పెద్దమ్మగారూ. అది ఆయన మీదకి తొయ్యకండి," అన్నాడు. "పడవ తప్పింది నా వల్ల. టైర్లు బాగానే ఉన్నాయి. నట్లూ బాగానే ఉన్నాయి. వచ్చిన నష్టం చెల్లెమ్మది. మధ్యలో ఆయనేం చేశాడు?"

 పళ్ళెంలో ఆవిరి తగ్గుతోంది.

"మరిప్పుడేం చెయ్యమంటారు అన్నయ్యగారూ?" అంది మా ఆవిడ. మూడు దాటాక ఆయనతో అన్న మొదటి మాట.

"ప్రార్థన మార్చమనండి."

అత్తగారు ఇద్దరి వంకా చూసింది. డెబ్బై ఏళ్ళలో తన ప్రార్థన వెనక్కి వచ్చి ఎరగదు. కళ్ళు మళ్ళీ మూసుకుంది. "ప్రభువా," అంది, చాలా నెమ్మదిగా, "పడవ తప్పింది ఇదిగో ఇతని వల్ల. నీకు సంబంధం లేదు."

"ఆమేన్," అన్నాడు ఆగండిగారు, అందరికంటే ముందు.

పదకొండేళ్ళ పరిచయంలో అంత తొందరగా ఆయన ఏదీ ఒప్పుకోగా చూడలేదు. మా ఆవిడ ముందు పెదవి కొరుక్కుంది. తర్వాత ఆగలేక నవ్వేసింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆయన పళ్ళెంలోకి ఇంకొంచెం వడ్డించింది. ప్రభువు మీద నెట్టినప్పుడు తగ్గని బాధ మనిషి మీదికి రాగానే కొంత తగ్గడం నేను కళ్ళారా చూశాను. ఎందుకో అయ్యగారిని అడగాలి. మిగతాది అలాగే ఉంది. పాట పాడాల్సింది పాడలేదు.

మర్నాడు పొద్దున్న ఆరున్నర పడవ ఎక్కాం. ఏడుంపావుకి దీవి చేరాం. రేవు మెట్ల మీద టీచరమ్మ కూర్చుని ఉంది. చుట్టూ తాళ్ళతో కట్టిన ఏడు పెట్టెలు. అదే పడవ ఆవిణ్ణి తీసుకుని అరగంటలో తిరిగి వెళ్ళిపోతుంది.

అందరికంటే ముందు దిగింది ఆగండిగారే. ఆవిడ ఎదుట నిలబడి, "నిన్న ఈ అమ్మాయి రాకపోవడానికి కారణం నేనండీ. టైర్లు బాగానే ఉన్నాయి," అన్నాడు.

టీచరమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఆయన్ని దాటి మా ఆవిడ వంక చూసింది.

"పాడేశారా టీచరమ్మా?" అంది మా ఆవిడ.

"కిందిగొంతు లేకుండా ఏం పాడనే, పిచ్చిమొద్దూ?"

చర్చి గుట్ట మీద ఉంది. తాళంచెవి ఇంకా ఆవిడ దగ్గరే ఉంది. సామాను పడవలోకి చేరితే ఒక్క నిమిషం కూడా ఆగనని పడవవాడు అరిచి చెప్పాడు. ఇద్దరూ చేతులు పట్టుకుని గుట్ట ఎక్కడం మొదలుపెట్టారు. మా అత్తగారు మోకాలిని తిట్టుకుంటూ వెనకాలే వెళ్ళింది.

నేను ఒక పెట్టె ఎత్తబోయాను. తాడు వదులుగా ఉందన్నాడు ఆగండిగారు. నాకు బిగువుగానే కనిపించింది. ఆయన ముడి విప్పాడు. తాడంతా తీసి, చేత్తో తడిమి చూసి, మళ్ళీ చుట్టి, కట్టి, లాగి చూసి, నాకు అందించాడు. రెండోదీ అంతే. పడవవాడు గంట కొట్టాడు. కావాలని చేస్తున్నాడా, అలవాటు కొద్దీనా అని ఆయన ముఖంలో వెతికాను. అందులో ఏమీ రాసి లేదు. నేను అడగలేదు.

మూడో పెట్టె పడవలో పెట్టేసరికి గుట్ట మీంచి పాట దిగివచ్చింది. రెండు గొంతులు. కిందిది నెలరోజులు నేను విన్న గొణుగుడే, పైది తోడయ్యేసరికి నాకు ముక్కూ మొహం తెలియని పాటైంది. మళ్ళీ గంట కొట్టబోయిన పడవవాడు చెయ్యి తాడు మీదే ఉంచాడు.

ఆగండిగారు మోకాళ్ళ మీద కూర్చుని నాలుగో పెట్టె ముడి విప్పాడు.